జూలై నాలుగు, ఆషాఢ శుద్ధ నవమి

(జీర్ణోద్ధరణ పనులు సాగుచున్న కాలమున మౌలాలిలోని మన బాలాలయ ప్రాంగణమునందు 2025 జూలై 4 శుక్రవారం సాయంకాలం ఆలయ అర్చకులు చేసిన ప్రసంగ పాఠము)



ఆనాడు బాలాలయం ముందు చాపలు పరచుకొని కూర్చున్న వారికి చెప్పిన మాటలనే, కమిటీ పెద్దల కోరికపై, కొద్దిగా సరిచేసి ఇచ్చట ఉంచినాను. "నేడు" అని ఉన్న చోటనెల్ల ఆ జూలై 4వ తేదీ అనియే మీరు గ్రహింపవలెను.

ఆషాఢ మాసమున ప్రతిష్ఠలు చేయము. కాని శిల్పి ఉలికి ఆషాఢం లేదు. పగలంతా రాతి చప్పుడు. సాయంకాలం ఆ చప్పుడు ఆగిన తరువాత ఏదైనా నాలుగు మాటలు చెప్పండి అని కమిటీ వారు అడిగినారు. ఏమి చెప్పవలెనని ఆలోచించుచుండగా ఒక విద్యార్థి దినపత్రిక తెచ్చి, "స్వామీ, 'చరిత్రలో ఈ రోజు' చదివినారా?" అని అడిగినాడు. నేను ఆ శీర్షిక ఎన్నడూ చదువలేదు. ఉదయం లేవగానే నేను చూచునది పంచాంగము. తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము. ఈ ఐదూ తెలిసినచో నాకు దినము తెలిసినట్లే. ఆ బాలుడిచ్చిన కాగితంలోని దినము వేరొక విధముగా ఉన్నది. దానిని చదివిన పిదప, ఈ అరువది దాటిన వయస్సులో, నేను చేసిన ఒక పొరపాటును మీ ముందు ఒప్పుకొనవలెనని అనిపించినది. ఆ మాటకు తరువాత వస్తాను.

పూజకు ముందు సంకల్పము చెప్పుట మీరందరూ వినియున్నారు. బ్రహ్మదేవుని ఆయుస్సులో ఏ భాగములో ఉన్నామో, ఏ కల్పమో, ఏ మన్వంతరమో, కలియుగములో ఎన్నవ పాదమో, మేరువునకు ఏ దిక్కుననో, కృష్ణా గోదావరుల నడుమనో, అన్నియు చెప్పి, చివరకు ఈ సంవత్సరము, ఈ మాసము, ఈ తిథి అని ముగించి, అప్పుడు భక్తుని గోత్రనామములు చెప్పుదుము. అంత పెద్ద కాలములో ఇంత చిన్న మనిషిని నిలబెట్టుటయే సంకల్పము. అందులో మనము చెప్పు లెక్కను పెద్దలు "వ్యావహారిక చాంద్రమానము" అన్నారు. వ్యావహారికము అను ఆ ఒక్క మాటను నేను నలువది ఏండ్లు పలికినాను గాని ఆలోచింపలేదు. మనము వాడుకొనుటకు పెట్టుకొన్న లెక్క అని దాని భావము. అట్టి లెక్కలు ఇంకను ఉండవచ్చునని ఆ మాటలోనే ఉన్నది.

మౌలాలిలో ఉన్నవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. మన కొండమీది దర్గా కథ కూడా ఒక తేదీ కథయే. ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో యాకూత్ అను ఆస్థాన సేవకునికి రజబ్ నెల 17వ నాటి రాత్రి వచ్చిన స్వప్నము వలన ఆ స్థలము వెలసినదని స్థలకథ. నేటికీ ఆ నెలలోనే అక్కడ ఉర్సు జరుగును. హిజ్రీ సంవత్సరమునకు సుమారు 354 దినములు, మన చాంద్రమానమునకూ అంతే. సౌర సంవత్సరమునకు పదకొండు దినములు తక్కువ. మనము ఆ తరుగును ముప్పది రెండు, ముప్పది మూడు మాసములకు ఒక అధిక మాసము కలిపి తీర్చుకొందుము. వారు కలుపరు. అందువలన వారి పండుగ సుమారు ముప్పది మూడేండ్లలో అన్ని ఋతువులనూ చుట్టివచ్చును. నా బాల్యములో ఎండకాలమున చూచిన ఉర్సును వానలలోనూ చలిలోనూ చూచినాను. ఇక మూడవ లెక్క మన రైల్వే వారిది. లోకోషెడ్డులో షిఫ్టు దిగువారికి తిథితో పని లేదు. తేదీ, గంట, నిమిషము, అంతే.

నేడు ఆ మూడు లెక్కలూ ఎట్లున్నవో చూడండి. జూలై 4, శుక్రవారము. విశ్వావసు నామ సంవత్సర ఆషాఢ శుద్ధ నవమి, సాయంకాలం నాలుగున్నర దాక. ముహర్రము నెల 8వ దినము. ఎల్లుండి ఆదివారం, 6వ తేదీ, మనకు తొలి ఏకాదశి, వారికి ఆషూరా. మనము ఉపవాసముండు దినముననే వారు కర్బలాలో పోయినవారిని తలచుకొని దుఃఖింతురు. జూన్ 26న గోలకొండలో మొదలైన బోనాలు 13వ తేదీన సికింద్రాబాద్ ఉజ్జయినీ మహాకాళి గుడికి వచ్చును. ఇన్ని దినములు ఒక్క వారములో ఒకదానినొకటి రాచుకొని పోవుచున్నవి.

ఇంకొక చిన్న విశేషము. సూర్యునికి భూమి మిక్కిలి దూరముగా ఉండు దినము ఏటేటా జూలై 3 మొదలు 6 లోపల వచ్చును. ఈ ఏడు మన కాలమానం ప్రకారం అది నేటి తెల్లవారుజామున ఒంటిగంట దాటిన పిదప వచ్చినది. ఆ దూరము 15 కోట్ల 20 లక్షల కిలోమీటర్ల పైన. మన సూర్యసిద్ధాంతము దీనినే రవి మందోచ్చము అని చెప్పి, మిథునములో 17 భాగల దాపున ఉంచినది. నేడు రవి ఉన్నదీ ఆ చుట్టుపట్లనే. వేయేండ్లకు పూర్వపు గణితము ఇంత దగ్గరగా రావడము చూచి నేను గర్వపడుదును. గర్వము అర్చకునకు కూడదు గాని గణితము విషయమున కొంచెము కూడునని నా అభిప్రాయము.

ఇప్పుడు ఆ పొరపాటు.

సుమారు పదేండ్ల క్రిందట ఒక జూలై 4 ఉదయమున, లోకోషెడ్డులో పనిచేసి గతించిన ఒకాయన కుమారుడు గుడికి వచ్చినాడు. చేతిలో ఒక టెంకాయ, రెండు మూరల బంతిపూలు, చొక్కా జేబులో తండ్రి ఫోటో. "ఇయ్యాల మా నాయిన పోయిన రోజు, అయ్యగారూ. పేరు మీద అర్చన చేయుండ్రి" అన్నాడు. నేను తిథి అడిగినాను. తెలియదన్నాడు. నెల అడిగినాను. జూలై అన్నాడు. "ఇంగ్లీషు తేదీకి పితృకార్యం లేదు నాయనా, తిథి తెలుసుకొని రా" అన్నాను. శాస్త్రరీత్యా నేను చెప్పినది తప్పు కాదు. ఆబ్దికము తిథికే. కాని అతడు అడిగినది ఆబ్దికము కాదు, అర్చన. అర్చనకు ఏ తేదీ అయిననేమి? ఆ భేదము నేను చూడలేదు. ఎట్లు తెలుసుకోవలెనో కూడా చెప్పలేదు. అతడు టెంకాయను ధ్వజస్తంభము మొదట ఉంచి మెట్లు దిగి వెళ్ళినాడు. ఆ తరువాత ఏండ్ల తరబడి ఆ ముఖము నేను చూడలేదు. ఆ టెంకాయను నేనే కొట్టి నివేదన చేసినాను గాని, ఎవరి పేరు చెప్పవలెనో తెలియలేదు. పేరైనా అడుగలేదు కదా.

ఆ దినమునకు పత్రికలో ఏమేమి ఉన్నవో ఇప్పుడు చెప్పుదును.

1902వ సంవత్సరము జూలై 4, అదియు శుక్రవారమే. బేలూరు మఠమున స్వామి వివేకానందులు దేహము చాలించినారు. వయస్సు నలువది నిండలేదు. ఆనాటి వారి దినచర్యను శిష్యులు వ్రాసి ఉంచినారు. అది చదివినప్పుడు వేదము చదువుకొన్న నావంటివానికి ఒడలు గగుర్పొడుచును. ఉదయము పూజాగృహమున తలుపులు మూసికొని సుమారు మూడు గంటలు ధ్యానము. పిదప శుక్ల యజుర్వేదములోని ఒక మంత్రమునకు భాష్యకారుడు చెప్పిన అర్థము తనకు తృప్తిగా లేదని శిష్యునితో చర్చ. మధ్యాహ్నము బ్రహ్మచారులకు లఘుకౌముది, వ్యాకరణ పాఠము, మూడు గంటలు. సాయంకాలం ప్రేమానందస్వామితో రెండు మైళ్ళ నడక. ఆ నడకలో మఠమున వేద పాఠశాల పెట్టవలెనని ప్రస్తావన. వేదము చదివి ఏమి ప్రయోజనమని ప్రేమానందులు అడుగగా, మూఢ నమ్మకములను పోగొట్టునని బదులు చెప్పినారట. ఆ రాత్రి తొమ్మిది గంటలు దాటిన తరువాత సమాధి. పోవు దినమున కూడ పాఠము చెప్పి పోయిన గురువు ఆయన.

అంతకన్నా నన్ను పట్టుకొన్నది వేరొకటి ఉన్నది. ఆ దినమునకు వారము ముందు ఆయన వంగ పంచాంగము తెప్పించుకొని, నాటి దినము మొదలుకొని పుటలు త్రిప్పి చూచి, తన దగ్గరనే ఉంచుకొన్నారు. ఎందుకో ఎవరికీ తెలియలేదు. పోయిన తరువాత తెలిసినది. 1886లో వారి గురుదేవులు శ్రీరామకృష్ణులు కూడ చివరి దినములలో అట్లే పంచాంగము చదివించుకొన్నారు. ప్రపంచమంతయు జూలై 4 అని తలచు ఆ దినమును ఆయన పంచాంగములో ఏరుకొన్నారన్నమాట. ఆయన జన్మదినమునకు కూడ రెండు లెక్కలు ఉన్నవి. ప్రభుత్వము జనవరి 12ను జాతీయ యువజన దినముగా 1984లో ప్రకటించినది. రామకృష్ణ మఠము వారు పుష్య బహుళ సప్తమి నాడు జన్మతిథి పూజ చేయుదురు. రెండు దినములూ జరుగుచున్నవి, ఎవరికీ అభ్యంతరము లేదు. ఈ సంగతి తెలిసియుండియు ఆనాడు ఆ యువకునికి నేను ఎట్లు బదులు చెప్పితినో చూడండి.

ఆ మహాత్ముడు మన ఇరుగుపొరుగున నడచినవాడే. 1893 ఫిబ్రవరి 10న హైదరాబాదుకు వచ్చి, 13వ తేదీన సికింద్రాబాద్ మహబూబ్ కళాశాలలో తాను పాశ్చాత్య దేశమునకు ఎందుకు పోదలచినదీ చెప్పుచు ఉపన్యసించినారు. వేయిమందికి పైగా విన్నారు. చికాగో సభ ఆ సెప్టెంబరులో. చికాగో గురించి పిల్లలకు బాగుగా తెలియును. మహబూబ్ కళాశాల ఇక్కడికి ఎంతో దూరము లేదు, దానిని గూర్చి తెలిసినవారు తక్కువ. మీ పిల్లలను ఒక ఆదివారము తీసికొని పోయి చూపుడు.

1897 జూలై 4న విశాఖ మండలములోని పాండ్రంగిలో, మాతామహుల ఇంట, అల్లూరి సీతారామరాజు జన్మించినాడు. సంస్కృతము, జ్యోతిషము అభ్యసించి, కాషాయము కట్టి కొండలకు పోయినవాడు. అడవిలో పోడు చేసికొని బ్రతుకు గిరిజనులను 1882 నాటి మద్రాసు అటవీ చట్టము కట్టివేసినది. రోడ్డు పనులకు కూలి సరిగా ఇవ్వకుండ పిండుచుండిరి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి, మరుసటి దినము కృష్ణదేవిపేట, ఆపై రాజవొమ్మంగి. వచ్చుచున్నానని ముందుగా టపా పంపి మరీ వచ్చుట ఆయన రీతి. 1924 మే 7న కొయ్యూరులో చెట్టునకు కట్టి కాల్చివేసినారు. ఇరువది ఏడేండ్లు నిండలేదు. నూట ఇరువది ఐదవ జయంతి నాడు, 2022 జూలై 4న, భీమవరములో ముప్పది అడుగుల విగ్రహమును ప్రధానమంత్రి ఆవిష్కరించినారు. మరుసటి ఏడు అదే తేదీన ఆ ఉత్సవముల ముగింపు మన హైదరాబాదులోనే, రాష్ట్రపతి సమక్షమున జరిగినది.

అదే జూలై 4, 1946. ఈ మాటను కొంచెము నిదానముగా చెప్పనిండు. మౌలాలి మీదుగా కాజీపేట వైపు పోవు రైలు జనగామలో ఆగును గదా. ఆ జనగామ ప్రాంతమున దేవరుప్పుల దగ్గర కడవెండి అను గ్రామము. అచ్చట గొర్రెల కాపరుల ఇంట పుట్టిన దొడ్డి కొమరయ్య, పందొమ్మిదేండ్ల యువకుడు, సంఘము వారి ఊరేగింపులో ముందు నడచుచుండగా విసునూరు దేశముఖు మనుషులు తుపాకి కాల్చినారు. కొమరయ్య అచ్చటనే ఒరిగినాడు. అన్న మల్లయ్యకు గాయములైనవి. తెలంగాణ సాయుధ పోరాటమున తొలి అమరుడని ఆయన పేరు. ఆ పోరాటము 1951 అక్టోబరు దాక సాగినది.

వెట్టి అనగా ఏమో నేటి పిల్లలకు తెలియదు. కుమ్మరి కుండలు, చాకలి చాకిరి, గొల్ల కురుమలు గొర్రె, మాదిగ చెప్పులు, అన్నియు దొర గడీకి ఉచితముగా. దొర ఇంట పెండ్లి అయిన, పండుగ అయిన, ఊరంతయు అక్కడ పని చేయవలె. ఇందులో మావంటివారు తలవంచుకొనవలసిన సంగతి ఒకటి ఉన్నది. అర్చకునకు మాన్యమిచ్చిన చేయియు, వెట్టి చేయించిన చేయియు అనేక గ్రామములలో ఒక్కటియే. ఆ గుడులలో వెలిగిన దీపములకు నూనె ఎవరి గానుగ నుండి ఏ వెలకు వచ్చెనో ఏ అర్చకుడు అడిగినాడు? అందుచేతనే మన జీర్ణోద్ధరణ మొదలైన నాడు కమిటీ వారిని నేను ఒక్కటే కోరినాను. రాయి మోసిన కూలీకి, సిమెంటు కలిపిన స్త్రీకి, ఏ శనివారపు కూలి ఆ శనివారమే ముట్టవలెను. చందా రాలేదను మాట వారికి చెప్పకూడదు. రెండు పర్యాయములు నిధి చాలలేదు. అప్పుడు దాతలలో కొందరు తమ పేరు వేయవద్దని చెప్పి ఆ కూలి ఇచ్చినారు. వారు ఇది చదువుచున్నారు, వారికి తెలియును.

1963 జూలై 4న విజయవాడలో పింగళి వెంకయ్యగారు కన్నుమూసినారు. బందరు దగ్గరి భట్లపెనుమర్రులో 1876 ఆగస్టు 2న జననము. జపాను భాష నేర్చి జపాన్ వెంకయ్య అయినారు. పత్తిని పరిశోధించి పత్తి వెంకయ్య అయినారు. వజ్రములను గూర్చి శోధించి డైమండ్ వెంకయ్య అయినారు. 1916లోనే జాతీయ పతాకమునకు ముప్పది నమూనాలతో గ్రంథము వెలువరించినారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశముల నాడు గాంధీగారికి పతాకము సమర్పించినారు. అందులో తెలుపు రంగును, రాట్నమును చేర్చుమని గాంధీగారు చెప్పినారు. ఆ పతాకము మార్పులు చెంది 1947 జూలై 22న రాజ్యాంగ సభలో దేశ పతాకమైనది. ఎనుబది ఆరేండ్లు బ్రతికి, పేదరికమున పోయినారు. తపాలా బిళ్ళ వచ్చినది 2009లో. ధ్వజము యొక్క విలువ గుడివారికి తెలిసినట్లు ఇంకెవరికి తెలియును? బ్రహ్మోత్సవమునకు ధ్వజారోహణము లేనిదే ఆరంభము లేదు. అట్టి మనము ధ్వజమిచ్చినవానిని మరచినాము.

ధ్వజము అనగా మరల వివేకానందులే గుర్తుకు వచ్చుచున్నారు. 1898 జూలై 4న శ్రీనగరములో, తనతో ఉన్న అమెరికా శిష్యురాండ్ర స్వాతంత్ర్య దినమని, ఒక బ్రాహ్మణ దర్జీ చేత గుడ్డ మీద వారి జెండా కుట్టించి, పడవకు కట్టించి, ఆ దినమును గూర్చి ఆంగ్లమున ఒక కవిత వ్రాసి చదివినారు. పరాయి దేశపు తేదీని ఒక సన్న్యాసి అంత గౌరవించినాడు. సరిగ్గా నాలుగేండ్లకు అదే తేదీన ఆయన వెళ్ళిపోయినారు. ఆ అమెరికా దేశమున మరొక వింత జరిగినది. 1776 జూలై 4 నాటి స్వాతంత్ర్య ప్రకటనను కూర్చినవారిలో జెఫర్సన్, ఆడమ్స్ అను ఇరువురు, ఆ తరువాత అధ్యక్షులైనవారు, సరిగ్గా ఏబది ఏండ్లకు, 1826 జూలై 4ననే, ఒకే దినమున మరణించినారు. 1831లో మరొక మాజీ అధ్యక్షుడు మన్రో కూడ ఆ తేదీననే. మన దేశమున జరిగియుండినచో ఇప్పటికి దానికొక స్థలపురాణము ఉండెడిది.

మన ప్రక్కన అణు ఇంధన సంస్థ ఉన్నది, ఈసీఐఎల్ ఉన్నది. అక్కడ పనిచేసి విశ్రాంతి పొందినవారు మన దాతలలో అనేకులు. వారి కొరకు రెండు మాటలు. రేడియమును కనుగొన్న మేరీ క్యూరీ 1934 జూలై 4న మరణించినది. ఏండ్ల తరబడి చేతబట్టిన ఆ కిరణములే ఆమె రక్తమును ఎండబెట్టినవి. తాను కనుగొన్నదానికి ఆహుతి అయినది. 2012లో ఇదే తేదీన జెనీవా వద్ద హిగ్స్ బోసాన్ అను కణము యొక్క జాడ దొరికినదని ప్రకటించినారు. అందులో బోసాన్ అను పేరు మన సత్యేంద్రనాథ్ బోసుగారిది. పత్రికలు దానిని దైవకణమన్నవి. శాస్త్రజ్ఞులలో అనేకులకు ఆ పేరు నచ్చలేదట. నాకును నచ్చలేదు. ఇరువర్గములకు ఒక్క విషయమున ఏకాభిప్రాయము కుదిరినది.

పత్రికలోని ఆ జాబితాను మూడు పర్యాయములు చదివినాను. మా శాస్త్రము వీరిని ఈ విధముగా ఒక చోట కూర్చుండబెట్టదు. భాద్రపద బహుళ పక్షము, మహాలయము ఉన్నది గదా. అందులో యతులకు ద్వాదశి. కావున వివేకానందులు అటు పోవుదురు. ఆయుధము వలన పోయినవారికి చతుర్దశి. కొమరయ్య, మే నెలలో పోయిన సీతారామరాజు, వారిరువురు అటు పోవుదురు. గృహస్థుడైన వెంకయ్యగారికి ఆయన తిథి. ఎట్లు బ్రతికిరో, ఎట్లు పోయిరో చూచి శాస్త్రము దినమును నిర్ణయించును. అది గొప్ప ఆలోచన, దానిని నేను తక్కువ చేయను. కాని ఇంగ్లీషు తేదీ ఏమియు చూడదు. సన్న్యాసి ప్రక్కన గొర్రెల కాపరిని, ఆయన ప్రక్కన పతాకము కుట్టిన వృద్ధుని, ఆయన ప్రక్కన పరదేశపు శాస్త్రజ్ఞురాలిని ఒకే వరుసలో ఉంచినది. ఆ వరుస ఏ పంచాంగములోను నాకు కనబడలేదు. లోకోషెడ్డులో పనిచేసిన ఒక తండ్రి కూడ ఆ వరుసలో ఉన్నాడని తోచగానే, ఆ టెంకాయ గుర్తుకు వచ్చినది.

మహాలయ పక్షములో అమావాస్య ఎవరికో మీకు తెలియును. తిథి తెలియనివారికి. తిథి తెలియని మనిషిని ఏమి చేయవలెనో పెద్దలు ఎన్నడో ఆలోచించి, అతనికొక దినము ఉంచినారు. నేను ఆ దినమైనా చెప్పకుండ అతనిని పంపివేసినాను.

అతడు ఈ వేసవిలో మరల వచ్చినాడు. ప్రాకారమునకు ఒక రాతిపలక ఇచ్చెదనని, తండ్రి పేరు చెక్కించవలెనని కమిటీ వారి వద్దకు వచ్చినాడు. నన్ను చూచి నమస్కరించినాడు గాని దగ్గరకు రాలేదు. నేనే వెళ్ళి కూర్చుండబెట్టి, "మీ నాయనగారు పోయినది ఏ సంవత్సరము?" అని అడిగినాను. 2006 జూలై 4 అన్నాడు. "ఏ వేళ?" అని అడిగినాను. "పొద్దుగూకినంక, అయ్యగారూ. షిఫ్టు దిగి వచ్చి కూసున్నడు, అంతే" అన్నాడు. గర్భాలయము ఖాళీ చేసినప్పుడు అటుక మీద నుండి దించిన పాత పంచాంగముల కట్ట ఒకటి నా వద్ద ఉన్నది. వ్యయ నామ సంవత్సరపు పంచాంగము తీసి చూచినాను. ఆ ఉదయము అష్టమి. సాయంకాలమునకు నవమి. ఆషాఢ శుద్ధ నవమి. మూడు నిమిషముల పని. పదేండ్ల క్రిందట చేయదగిన మూడు నిమిషముల పని.

తేదీయు తిథియు పందొమ్మిది ఏండ్లకు ఒక పర్యాయము దాదాపుగా మరల కలిసికొనును. సూర్యచంద్రుల గతి అట్టిది. 2006కు పందొమ్మిది కలిపి చూడండి. నేడు జూలై నాలుగు, నేడే ఆషాఢ శుద్ధ నవమి. ఈ మధ్యాహ్నము, అపరాహ్ణ వేళ నవమి ఉండగా, అతని ఇంట నేనే దగ్గర ఉండి ఆబ్దికము చేయించినాను. ఇప్పుడు ఈ సభలో వెనుక వరుసలో కూర్చున్నాడు. పేరు చెప్పవద్దన్నాడు, చెప్పను.

ఇక దాతలకు నా మనవి. శాశ్వత పూజా నిధి పుస్తకము ఈ జీర్ణోద్ధరణతో క్రొత్తది తెరచినాము. పాత పుస్తకములో పేరు, గోత్రము, తిథి అని మూడు గళ్ళు ఉండెడివి. తిథి గడి ఖాళీగా ఉన్నచో నేను వ్రాసికొనెడివాడను కాదు. క్రొత్త దానిలో తేదీ, గంట, ఊరు అని మరి మూడు గళ్ళు గీయించినాను. తిథి తెలియనివారు తేదీ వ్రాయండి, వేళ వ్రాయండి, తక్కినది వెదకి పట్టుకొనుట నా పని. గంట, ఊరు ఎందుకందురా? ఒకే తేదీలో రెండు తిథులు ఉండవచ్చును, మీరిప్పుడే వింటిరి. అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడ పోయినవారి తేదీని ఇక్కడి పంచాంగములో చూచి పొరబడుచున్నారు. అక్కడి వేళను మన వేళకు మార్చి చూడవలెను. గోత్రము తెలియనివారు ఆ గడిని వదలివేయండి, శివ గోత్రమని చెప్పుదును. ఏమియు తెలియనివారు అమావాస్య అని వ్రాయండి.

పుస్తకము తెరచిన నాడు అతడు తండ్రి పేరు వ్రాసి, తేదీ వ్రాసి, నేను చెప్పగా తిథి వ్రాసినాడు. అతని కుమారుడు ఆ పాత పంచాంగపు పుటను ఫోనులో ఫోటో తీసికొన్నాడు. "వచ్చే యేడు కూడ రెండూ ఒక్కనాడే వస్తయా, అయ్యగారూ?" అని అడిగినాడు. రావు నాయనా, వచ్చే ఏడు అధిక జ్యేష్ఠము ఉన్నది, నవమి జూలై ఇరువది దాటిన తరువాత వచ్చును అని చెప్పినాను. కొంచెము సేపు ఆలోచించి, "అయితే రెండు దినాలూ వస్త" అన్నాడు.

రెండు దినములకూ పుస్తకములో చోటు ఉంచినాను.